ఎక్స్‌రే అంచున వేళ్ళు

నేను గుర్రాలను చూసింది తక్కువ, వాటి ఎముకల నీడలను చూసింది ఎక్కువ. యూనివర్సిటీలో మా విభాగానికి వెనకవైపు, కిటికీకి నల్లగుడ్డ బిగించిన చిన్న గది నాది. జంతువుల ఎక్స్‌రేలు చదివి, ఎముకలో ఏముందో రాసి పంపడం నా పని. ఇప్పుడవన్నీ కంప్యూటర్‌లోకే వస్తున్నాయి గానీ పాత అలవాటు కొద్దీ మేమింకా ఫిల్ములనే అంటాం. తార్నాకలో మా ఇంటి నుంచి క్యాంపస్ గేటు దాకా నడిచి, అక్కణ్ణుంచి చెట్ల కింద మరికాస్త నడిస్తే ఆ గది వస్తుంది. చాలా ఏళ్ళు ఆ దారిన హాయిగానే నడిచాను. తర్వాత కొన్నేళ్ళపాటు ఆ నడకంతా ఒకే మనిషి గురించిన ఆలోచనతో గడిచింది. ఆ మనిషి నాకు చేసిన అపకారం ఏమీ లేదు.

ముందు జబ్బు సంగతి చెప్పాలి. అది తెలియకపోతే నేను చేసింది అర్థం కాదు.

గుర్రప్పిల్ల చాలా తొందరగా ఎదుగుతుంది. దాని ఎముకల చివర్లలో ఉండే మృదులాస్థి, అంటే మెత్తటి ఎముక, లోపలివైపు నుంచి కొద్దికొద్దిగా గట్టిపడి అసలు ఎముకగా మారుతూ ఉండాలి. కొన్ని పిల్లల్లో ఒకచోట రక్తం సరిగా అందక ఆ మార్పు ఆగిపోతుంది. చుట్టూ అంతా గట్టిపడుతుంది, ఆ కాస్త మేర మెత్తగానే మిగిలిపోతుంది. పిల్ల ఊరుకోదు, గెంతుతుంది, పరిగెడుతుంది. బరువు పడి పడి ఆ మెత్తటిచోట పగులు పుడుతుంది. పగులు చిన్నదై, పిల్ల వయసు మరీ చిన్నదైతే ఒక్కోసారి దానంతటదే మానిపోతుంది. పెరిగితే మాత్రం పెచ్చు లేస్తుంది, కీలులో నీరు చేరుతుంది, పిల్ల కుంటుతుంది. పెచ్చు లేచాక సన్నటి గొట్టాన్ని కీలులోకి పంపి, దాన్ని తీసేసి, కింది ఎముకను గీకి శుభ్రం చేయడమే అందరికీ తెలిసిన వైద్యం.

నేను చెప్పిన ఆ మనిషి, మా విభాగానికి వచ్చిన కొత్త డాక్టరమ్మ, చేస్తున్నది వేరు. పిల్ల రొమ్ము ఎముకలోంచి కాస్త మూలుగ తీసి, అందులోని మూలకణాలను మా క్యాంపస్ ల్యాబ్‌లో పెంచి, మళ్ళీ అదే పిల్ల కీలులోకి సూదితో ఎక్కిస్తుంది. దాని కణాలే దాని మృదులాస్థిని బాగుచేస్తాయని ఆశ.

ఆ ఆశ నాకూ ఉండేది. ఆమె మా విభాగానికి రాకముందు చాలా కాలం, ఆ పని నేను మొదలుపెట్టబోతున్నానని కనిపించిన వాళ్ళందరికీ చెప్పాను. మీటింగుల్లో చెప్పాను. పెళ్ళి విందుల్లో పక్క కుర్చీలో కూర్చున్న వాళ్ళకు చెప్పాను. మా మావగారికి రెండుసార్లు చెబితే రెండోసారి ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. మొదలు మాత్రం పెట్టలేదు. మనుషులు లేరనీ, యంత్రాలు లేవనీ, అన్నీ సమకూరాక చూద్దామనీ అనుకుంటూ ఉండిపోయాను.

ఆమె వయసులో నాకంటే బాగా చిన్నది. తెలంగాణ పల్లె నుంచి హాస్టళ్ళలో ఉంటూ చదువుకుని వచ్చిన మనిషి, కాపురం మల్కాజ్‌గిరిలో. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. చేరిన కొత్తల్లో ఒక మధ్యాహ్నం నా గది తలుపు తోసుకుని వచ్చింది.

“సార్, మీ పక్క రూం ఖాళీగనే ఉన్నది గద. మీరేమన్న వాడుతున్నరా?”

“లేదమ్మా. నేనే అందులో కణాల ల్యాబ్ పెడదామని…”

“ఎప్పుడు సార్?”

నేను టేబుల్ మీది కాగితాలు సర్దాను. ఆమె మర్యాదగా ఎదురుచూసింది.

“నువ్వు తీసుకోమ్మా,” అన్నాను.

ఆ మాట ఎంత పెద్దమనసుతో అన్నానో ఆ సాయంత్రం మా ఆవిడకు వివరంగా చెప్పుకున్నాను. అప్పటికే లోపల ఏదో పుల్లగా ఉంది. వారాలు తిరక్కుండా పాత సామాన్లు బయటికి వెళ్ళిపోయాయి, మూలపడిన ఇంక్యుబేటర్ బాగుపడింది, గోడలకు తెల్లరంగు పడింది. తలుపు మీద ‘చెప్పులు బయటనే విడువగలరు’ అని చేత్తో రాసిన కాగితం చూసినప్పుడల్లా ఎవరో నన్నే బయట నిలబెట్టినట్టుండేది.

అసూయ మనిషిని ఎంత చిల్లరగా చేస్తుందో రాయాలంటే సిగ్గుగానే ఉంది. ఆమె సాయంత్రం మెట్రో స్టేషన్ వైపు వెళ్తుంటే నేను ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ పళ్ళ బండి చాటుకు తప్పుకునేవాణ్ణి. సెమినార్‌లో ఆమె స్లైడు మీద ఒక అక్షరదోషం కనబడితే, తప్పు చూపించేశానన్న సంతోషం భోజనం దాకా నిలిచేది. ఒకసారి ఆమె పెంచుతున్న కణాలకు బూజు పట్టి మొత్తం పారబోయాల్సి వచ్చింది. ఎర్రబడిన కళ్ళతో ఆమె సీసాలు కడుగుతుంటే “అయ్యో, ఎంత పని అయిందమ్మా,” అన్నాను. ఆ రోజు తార్నాక సెంటర్‌లో వేడివేడి మిర్చి బజ్జీలు కట్టించుకుని ఇంటికి వెళ్ళాను.

“ఏంటండీ విశేషం?” అంది మా ఆవిడ.

“వాన పడేలా ఉంది కదా అనీ.”

ఆమె బాల్కనీలోకి వెళ్ళి ఆకాశం చూసి వచ్చింది. మబ్బు తునక లేదు. “ఆ అమ్మాయికి ఏమైంది?” అని అడిగింది.

“ఏ అమ్మాయికి?”

“ఈ ఇంట్లో ఇంకో అమ్మాయి మాట ఎక్కడ వినపడుతోంది? పొద్దున కాఫీతో మొదలు, రాత్రి మాత్రలతో ఆఖరు. ఆవిడే కదా!”

నేను బజ్జీలో మిరపకాయ కొరికి, కారమని కళ్ళు తుడుచుకున్నాను.

నగరం బయట గుర్రాల ఫారం ఒకటుంది. దాని యజమాని అంబర్‌పేటలో పుట్టి పెరిగిన పెద్దాయన. గుర్రాల మోకాళ్ళ గురించి ఎంత రాత్రయినా ఫోన్ చేసేవాడు, నేను విసుక్కుంటూనే గర్వపడేవాణ్ణి. ఆమె ఆయన గుర్రప్పిల్లలకు వైద్యం మొదలుపెట్టాక ఫోన్లు అటు మళ్ళాయి. విభాగానికి వస్తే ముందు నా గదిలో టీ తాగే మనిషి, తలుపులోంచి తల మాత్రం పెట్టి “సలాం డాక్టర్ సాబ్, బిటియా యాడున్నది?” అని అడిగి వెళ్ళిపోయేవాడు. కూతురిని పిలిచినట్టు పిలిచే ఆ ‘బిటియా’ అన్న మాట నాకు పంటికింద రాయిలా తగిలేది.

ఆమె పరీక్ష పద్ధతి ఇది. వెనక మోకీలులో ఈ జబ్బున్న పిల్లలను రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు కణాలు ఎక్కించింది. రెండో గుంపుకు అదే సూదితో ఉప్పునీళ్ళు మాత్రం ఎక్కించింది. కొన్ని నెలలు ఆగి అన్నింటికీ మళ్ళీ ఎక్స్‌రేలు తీసింది. పిల్లల పేర్లు తీసేసి, నంబర్లు మాత్రం వేసి, ఏది ఏ గుంపుదో తెలియని మనిషి చేత వాటిని చదివించాలి. ఆ మనిషి ఒక్కో పగులుకు సున్నా నుంచి నాలుగు దాకా మార్కు వేయాలి. సున్నా అంటే మానిపోయింది, నాలుగు అంటే పెచ్చు పూర్తిగా లేచింది. ఆమె అన్నేళ్ళ కష్టం నిజమో కాదో ఆ మార్కులు చెప్పాలి.

“ఫిల్ములు మీరే చదవాలె సార్,” అని అడిగింది.

“ఇద్దరు చదివితే మంచిది కదా?”

“రెండో ఆయన ఒప్పుకొని, ఇప్పుడు తీరిక లేదంటున్నడు. మీరొక్కరు చాలు. మీరు మస్తు స్ట్రిక్టని అందరికి తెలుసు.”

ఒప్పుకున్నాను. ఆ క్షణంలో నా మనసులో చెడు ఆలోచన ఏదీ లేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆమె నా దగ్గరికి రావలసి వచ్చింది, అదే నాకు తృప్తి.

నల్లగుడ్డ దించుకుని చదవడం మొదలుపెట్టాను. గుర్రప్పిల్ల మోకీలు ఎక్స్‌రే తీయాలంటే కాలి పక్కన ఒక పలకను ఎవరో పట్టుకుని నిలబడాలి. పట్టుకునే వాళ్ళు కిరణాలు తగలకుండా సీసం కలిపిన మందపాటి గ్లౌజులు వేసుకుంటారు. పిల్ల కదిలినప్పుడు ఆ గ్లౌజు వేళ్ళు ఫిల్ము అంచులోకి వస్తుంటాయి, తెల్లటి అరటిపళ్ళలా. సాధారణంగా ఆ అంచును ఎవరూ చూడరు. నేను చూశాను.

కొన్ని ఫిల్ముల్లో వేళ్ళు లావుగా, మొద్దుగా ఉన్నాయి. మరికొన్నిట్లో సన్నగా, పొట్టిగా ఉన్నాయి. మా విభాగంలో చిన్న సైజు గ్లౌజులు ఒక్క జతే ఉన్నాయి. మగవాళ్ళ గ్లౌజుల్లో తన చేతులు ఈత కొడుతున్నాయని గొడవపెట్టి ఆమె తెప్పించుకున్నవవి. ఆ వేళ్ళు ఆమెవే.

ఏది ఏ గుంపో నాకు ఒక్కసారిగా తెలిసిపోయిందనుకున్నాను. కణాలు ఎక్కించిన పిల్లలంటే ఆమెకు ప్రాణం. వాటి దగ్గరికి ఇంకొకరిని రానిస్తుందా? పలక తనే పట్టుకుని ఉంటుంది. ఉప్పునీళ్ళ పిల్లలను ఫారం మనుషులకు వదిలేసి ఉంటుంది. నేనైతే అలాగే చేసేవాణ్ణి. ఇంకొకలా కూడా ఉండొచ్చని నాకు తట్టనే లేదు.

అప్పుడే ఆమెను పిలిచి, అంచులు కత్తిరించి పంపమ్మా, చేతులు కనబడుతున్నాయి అని చెప్పాలి. ఒక్క మాట. ఆ మాట చెప్పకుండా తర్వాతి ఫిల్ము తెరిచాను.

పచ్చి అబద్ధం ఒక్కటీ రాయలేదు. ఇలా రాస్తున్నప్పుడు కూడా నన్ను నేను కాపాడుకుంటున్నానేమో, తెలియదు. ఎక్స్‌రే చదవడంలో అనుమానం లేని ఫిల్ములు తక్కువ. ఇది పగులా, నీడా? ఇది మానుతోందా, అలాగే ఉందా? ఒకటి వేయాలా, రెండు వేయాలా? అలాంటి ప్రతిచోటా నా కన్ను ముందు అంచుకు పోయేది. సన్న వేళ్ళు కనబడితే ఎక్కువ మార్కు, అంటే జబ్బు ఇంకా ఉందని. లావు వేళ్ళు కనబడితే తక్కువ. నిక్కచ్చి మనిషినన్న పేరు నాకు ఎప్పటి నుంచో ఉంది, దాన్ని ఆమె పిల్లల మీద పూర్తిగా వాడాను. లావు వేళ్ళ దగ్గర దయ చూపించాను. చివరి ఫిల్ము ముగించి గుడ్డ ఎత్తినప్పుడు బయటి వెలుతురు కళ్ళలో పొడిచింది. ఆకలిగా, ఉషారుగా ఉంది నాకు.

ఆ రోజుల్లోనే ఫారం నుంచి ఇంకో ఎక్స్‌రే వచ్చింది. అది పరీక్షలో లేని పిల్లది. ఎర్రమట్టి రంగు ఆడపిల్ల, ముసలి తల్లికి కడసారి పుట్టింది. దాని మోకీలులో పెచ్చు లేచి ఉంది, ఎవరు చూసినా చెప్పగలిగేంత స్పష్టంగా. ఆపరేషన్ చేయించమని రాశాను. పెద్దాయన తటపటాయించాడు. ఇదివరకు ఒక పిల్లకు మత్తిచ్చి పడుకోబెడితే మళ్ళీ లేవలేదు, ఆయన కళ్ళముందే పోయింది. “బిటియా లెక్కలు రానీయున్రి. సూదితోని అయ్యేదుంటే కత్తెందుకు?” అన్నాడు.

లెక్కలు వచ్చాయి. సెమినార్ గదిలో అందరం కూర్చున్నాం, పెద్దాయన కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఆమె నా మార్కులను తెర మీద పెట్టి, ఏ నంబరు ఏ గుంపుదో అందరి ఎదుటే తెరిచింది. నేను చేతులు కట్టుకుని, ఓదార్పు మాట ఒకటి సిద్ధం చేసుకుని ఉన్నాను.

కణాలు ఎక్కించిన పిల్లల గీత కిందికి దిగిపోయింది. మానిపోయాయి. ఉప్పునీళ్ళ పిల్లల గీత పైనే ఉండిపోయింది. రెంటికీ మధ్య ఎద్దుబండి పట్టేంత దూరం.

గదిలో చప్పట్లు మోగాయి. నేను అర్థం కాక తెర వంక చూస్తూ ఉండిపోయాను. నేను కూడా కొట్టాలని ఆలస్యంగా గుర్తొచ్చి రెండు చేతులూ కలిపాను.

“సార్ దగ్గర పాసయినమంటే మాటలా!” అని ఆమె నా వైపు చెయ్యి చూపించి నవ్వింది. “ఇంకెవలన్న ఏస్తే మొహమాటానికి ఏసిన్రు అందురు. సార్‌కు మొహమాటం తెల్వదు.”

అందరూ నవ్వారు. పెద్దాయన లేచి నిలబడ్డాడు. “ఇగ కత్తి క్యాన్సిల్. నా లాల్ పిల్లకు గీ సూదే.”

టీ దగ్గర ఆమె పక్కకు చేరాను. గొంతు మామూలుగా పెట్టుకుని, “రెండోసారి ఎక్స్‌రేలు తీసినప్పుడు పలక ఎవరు పట్టుకున్నారు?” అని అడిగాను.

“సెల్స్ ఎక్కించిన పిల్లల దగ్గర ఫారంల పనిచేసేటాయన పట్టిండు సార్. మిగిలినయి నేను.”

“నీ పిల్లలను నువ్వు పట్టుకోలేదా?”

“ఎట్ల పట్టుకుంట? ఏది ఏదో నాకు తెలుసు గద. పలక జెరంత పక్కకు పోతె పగులు కనవడది. తెల్వకుంటనే నా చెయ్యి నాకే లాభం చేసుకుంటది. ఉప్పునీళ్ళయి పట్టుకున్ననంటే, నా చేత్తోని ఏమన్న తప్పయితే నాకే నష్టమైతది. గట్లనే మంచిది.” బిస్కెట్ టీలో ముంచుకుంది. “ఎందుకు సార్?”

“ఊరికే,” అన్నాను.

సన్న వేళ్ళు ఉప్పునీళ్ళవి. నేను కష్టపడి దించింది ఉప్పునీళ్ళ పిల్లలను. కష్టపడి పైకెత్తింది ఆమె వైద్యాన్ని. ఆమె ఓడిపోవాలని చేసినదంతా ఆమెను గెలిపించింది, ఆ గెలుపు నిజమో కాదో ఇక ఎవరికీ తెలియదు. ఇంటికి నడుస్తూ మొదట నాకొచ్చింది నవ్వు. వీధిలో ఒక్కణ్ణే నవ్వాను. తార్నాక ఫ్లైఓవర్ కిందికి వచ్చేసరికి ఎర్రమట్టి రంగు పిల్ల గుర్తొచ్చింది. నా మార్కులను నమ్మి దానికి ఆపరేషన్ మానేస్తున్నారు. పెచ్చు కీలులోనే ఉండిపోతే అది ఎముకను ఒరుసుకుంటూ పోతుంది. ఇప్పుడు తీస్తే నిలబడే కాలు, ఆలస్యం చేస్తే ఎప్పటికీ కుంటుకాలే అవుతుంది.

మంచివాడైతే ఆ సాయంత్రమే ఆమెకు చెప్పేవాడు. నేను పిల్లనూ కాపాడి, నన్నూ కాపాడుకునే దారి వెతికాను. మర్నాడు పెద్దాయనకు ఫోన్ చేశాను.

“ఆ పిల్లకు ఆపరేషనే మంచిదండీ. సూదిని నమ్ముకోవద్దు.”

“అరే, అట్లెట్ల డాక్టర్ సాబ్? మార్కులేసింది మీరే, పాస్ చేసింది మీరే. ఇప్పుడు ఫెయిలంటున్నరు. ఏంది కథ?”

“పెచ్చు లేచిన వాటి సంగతి వేరు.”

“గా లెక్కల్ల పెచ్చు లేసినయి గూడ ఉండె గద. అవి గూడ మంచిగైనయని బిటియా చూపెట్టింది.” గొంతు తగ్గించాడు. “సాబ్, ఒక మాటంటే ఏమనుకోరు గద? బిటియా మీద మీకు దిల్ల ఏమన్న ఉన్నదా?”

“అబ్బే, అదేం లేదు,” అని పెట్టేశాను.

ఆయన ఆమెకు చెప్పకుండా ఎందుకుంటాడు? మధ్యాహ్నానికి ఆమె నా గదిలోకి వచ్చింది. తలుపు కొట్టలేదు. నల్లగుడ్డ ఒక పక్కకు లాగి, వెలుతురులో నా ముఖం చూస్తూ నిలబడింది.

“నా ఎనక ఫోన్ చేసిన్రా సార్?”

“కూర్చోమ్మా.”

“కూసోను. మొదటి రోజు నుంచి చూస్తనే ఉన్న. మెట్రో కాడ నన్ను చూసి బండి చాటుకు పోతరు. నా సీసాలు పాడైనప్పుడు అయ్యో అన్నరు, మీ కండ్లల్ల ఇంకోటి ఉండె. పోనీ తియ్, పెద్దోళ్ళు అనుకున్న. ఇప్పుడు నా రిజల్టు మీ చేత్తోనే వచ్చినంక గూడ ఓర్సుకోలేకపోతున్నరా? గంత మంటనా సార్ నేనంటే?”

“అవును,” అన్నాను.

ఆమె ఆ జవాబుకు సిద్ధంగా లేదు.

“అవునమ్మా. కానీ ఫోన్ చేసింది అందుకు కాదు. ఫిల్ముల అంచుల్లో నీ గ్లౌజు వేళ్ళు కనబడ్డాయి. నువ్వు పట్టుకున్నవే కణాలు ఎక్కించినవనుకున్నాను. అనుమానం ఉన్నచోటల్లా వాటికి ఎక్కువ వేశాను. మిగతావాటికి తగ్గించాను. నిన్ను దించాలని చేశాను. అది తిరగబడి ఇలా వచ్చింది. ఆ మార్కులు ఎందుకూ పనికిరావు. ఆ పిల్లకు ఆపరేషన్ చేయించాలి.”

చెప్పడం అయిపోయింది. ఎప్పటికీ చెప్పలేననుకున్నది అంత తక్కువ మాటల్లో అయిపోవడం నాకే వింతగా అనిపించింది. పక్క గదిలో ఇంక్యుబేటర్ గురగురమంటున్న చప్పుడు వినబడుతోంది.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. తిడుతుందనుకున్నాను.

“నా పిల్లలను నేనే పట్టుకుంటననుకున్నరా?” అంది.

“నేనైతే అలాగే చేసేవాణ్ణి.”

“నన్ను గట్లెట్ల అనుకున్నరు సార్?” మార్కుల సంగతి ఇంకా ఆమెకు పూర్తిగా ఎక్కినట్టు లేదు. ఈ మాట దగ్గరే ఆగిపోయింది. తర్వాత మెల్లగా ఎక్కింది. ముఖం వడలిపోయింది. “అంచులు కోసి పంపకపోవుడు నా తప్పు. ఒక్కరితోని చదివిపిచ్చుడు నా తప్పు. అయ్యో, అందరి ముందట చెప్తిని గద!”

“అందరికీ నేనే చెబుతాను.”

“చెప్పున్రి. గది మీ పని.” ఫోన్ తీసింది. నా ఎదురుగానే పెద్దాయనకు కలిపింది. “అంకుల్, లాల్ పిల్లకు సూది వద్దు. ఆపరేషన్ తారీకు తీసుకోన్రి. …ఔ, నేనే చెప్తున్న. నా లెక్కల్ల తప్పున్నది, మళ్ళ చూడాలె. …లే, సార్ చెప్పింది కరెక్టే. …నేనుంట అంకుల్, అది లేసి నిలవడేదాక నేను ఆడనే ఉంట.”

ఫోన్ పెట్టేసింది. తప్పు నాదని చెప్పొచ్చు, చెప్పలేదు. అందుకు కృతజ్ఞత కలగాలి. కలిగింది కూడా. దాని కిందే, ఇంత సులువుగా ‘నా లెక్కల్లో తప్పుంది’ అని ఎలా అనగలిగిందీ మనిషి అన్న మంట కూడా ఉంది.

ఆ సాయంత్రం మా విభాగాధిపతి దగ్గరికి వెళ్ళి చెప్పాను. తర్వాతి మీటింగులో నిలబడి అందరి ఎదుటా చెప్పాను. కొందరు కిటికీల్లోంచి బయటికి చూశారు, కొందరు నన్నే చూశారు. నా కంటే చిన్నవాళ్ళ ముఖాల్లో కనిపించిన జాలి నాకు బాగా గుర్తుంది. ఇక మీదట ఎవరి పరీక్షలకూ ఫిల్ములు చదవకూడదని నిర్ణయించారు. రోజువారీ ఎక్స్‌రేలు మాత్రం చదువుతున్నాను. మా ఆవిడకు చెప్పినప్పుడు ఆమె చేస్తున్న చపాతీ ఆపకుండా విన్నది. “నాకు చెబుతున్నారు సరే, ఆ అమ్మాయిని క్షమించమని అడిగారా?” అంది. లేదని అప్పుడు గుర్తొచ్చింది. మర్నాడు అడిగాను. “ఇప్పుడు కాదు సార్,” అని ఆమె తన పనిలో పడిపోయింది. మళ్ళీ అడగలేదు నేను. అడగడం కూడా నా బరువు దించుకోవడానికేనని అనిపించింది.

ఎర్రమట్టి రంగు పిల్లకు ఆపరేషన్ అయింది. మత్తు దిగాక మూడుసార్లు లేవబోయి కూలబడిందట, నాలుగోసారి నిలబడిందట. ఆమె పొద్దుటి నుంచీ గడ్డిలో దాని తల దగ్గరే కూర్చుందని పెద్దాయన చెప్పాడు. నాకు ఫోన్ చేసి చెప్పినందుకు సంతోషించాను. “మీరు రాలేదేంది సాబ్?” అని అడిగాడు. నాకు వెళ్ళాలనే ఉండింది. అక్కడ నా ముఖం ఆమెకు కనబడకపోవడమే మేలనిపించి ఆగిపోయాను.

ఆమె ఫిల్ముల అంచులు కత్తిరించి, వేరే ఊళ్ళలోని ఇద్దరికి పంపించింది. ఒకరు వేసింది ఇంకొకరికి తెలియకుండా ఏర్పాటు చేసింది. మార్కులు వచ్చాక మళ్ళీ అదే గదిలో, అందరినీ పిలిచి, మొదటిసారి లాగే తెర మీద తెరిచింది. నేను ఆఖరి వరసలో తలుపు పక్కన కూర్చున్నాను.

రెండు గీతలూ దాదాపు పక్కపక్కనే నడిచాయి. చిన్న పగుళ్ళలో కణాలు ఎక్కించిన వాటి గీత కాస్త కిందికి ఉంది. పెచ్చు లేచిన వాటిలో తేడా లేదు.

చప్పట్లు లేవు. ఎవరో అడిగారు. “అంటే పెచ్చు లేచాక ఇది పనిచేయనట్టేనా?”

“పనిచేయలే. ఇప్పటికైతే పనిచేయలే. చిన్న పగుళ్ళకు జెర నయం కనవడుతున్నది. అవి ఊకెనే మానేవేమో గూడ తెల్వదు, ఇంకా ఎక్కువ పిల్లలల్ల చూడాలె. ఇప్పుడు మనకాడ ఉన్నది ఇంతే.”

ఇంకేమైనా ప్రశ్నలున్నాయా అని అడిగి, లేవంటే, నీళ్ళ సీసా మూత తీసి తాగింది.

నేను ఆమె ముఖాన్నే చూస్తున్నాను. అది కుంగుతుందని ఎదురుచూస్తున్నానని తెలిసి, నా మీద నాకు అసహ్యం వేసింది. కుంగలేదు. అలసట ఉంది, కోపం ఉందేమో కూడా, అది నా మీదే అయి ఉంటుంది. అంతకుమించి ఏమీ లేదు. అన్నేళ్ళ పనికి ఇంత చిన్న ఫలితాన్ని చేతిలో పెట్టుకుని, ఇంతే ఉంది అని చెప్పగలిగింది. నా చేతిలో అలాంటి చిన్న ఫలితం కూడా లేదు, ఎందుకంటే నేను మొదలుపెట్టనే లేదు. మళ్ళీ కలిగింది అసూయ, మునుపటికంటే లోతుగా. ఈసారి దానికి ఇంకో పేరు పెట్టుకోలేదు.

అందరూ లేచారు. ఆమె వైర్లు చుట్టుకుని, ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని నా వైపే వచ్చింది. ఏదైనా అంటుందేమోనని లేచి నిలబడ్డాను. తలుపుకు అడ్డంగా ఉన్నానని నాకు తెలియలేదు.

“జెర జరుగున్రి సార్,” అంది.

జరిగాను.